మందుల రిమైండర్ టైమ్‌కి ఎందుకు మోగదు?

ఇంట్లో పెద్దవాళ్ల కోసం చాలామంది ఫోన్‌లో మందుల రిమైండర్ యాప్ పెడుతున్నారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి కాబట్టి తెల్లవారుజామున 5 గంటలకు టైమ్ పెడతారు. కొన్నిసార్లు అది 5కి మోగదు. ఆ తర్వాత ఎప్పుడో ఎవరైనా ఫోన్ చేతిలోకి తీసుకున్నాక మోగుతుంది. అప్పటికి టీ, టిఫిన్ అయిపోతాయి. ఫోన్ పాడైందని అనుకుంటారు గానీ, చాలాసార్లు లోపం యాప్ రాసిన పద్ధతిలోనే ఉంటుంది.

ఫోన్ కూడా కునుకు తీస్తుంది

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ‘డోజ్’ అనే ఏర్పాటు ఉంది. ఛార్జింగ్ పెట్టకుండా, స్క్రీన్ ఆపి, కదపకుండా ఉంచితే కాసేపటికి ఫోన్ కునుకులోకి వెళ్తుంది. అప్పుడు యాప్‌లకు ఇంటర్నెట్ అందదు. మామూలు అలారాలు, వెనకాల నడిచే పనులు వాయిదా పడతాయి. ఫోన్ మధ్యమధ్యలో మేలుకొని, పోగుపడ్డ పనులన్నీ ఒకేసారి కానిస్తుంది. బ్యాటరీకి ఇది మేలే. టైమ్‌కి మోగాల్సిన యాప్‌కే చిక్కు.

ఏ పనికి ఏ పద్ధతి?

యాప్ తయారుచేయడం నేర్చుకుంటున్న పిల్లలు ఇక్కడే పొరపడుతుంటారు. ‘ఆలస్యం’ అన్నది ఒకటే రకం కాదు.

స్క్రీన్ మీద రెండు, మూడు సెకన్లు ఆగడానికి ‘హ్యాండ్లర్’ లేదా కోట్లిన్‌లోని ‘డిలే’ సరిపోతుంది. అంతేగానీ స్క్రీన్‌ను నడిపే మెయిన్ థ్రెడ్‌నే నిద్రపుచ్చకూడదు. వేలితో తాకితే 5 సెకన్ల దాకా జవాబు రాకపోతే, యాప్ స్పందించడం లేదని ఫోనే చెప్పేస్తుంది. గంటల తర్వాత చేయాల్సిన పనికీ హ్యాండ్లర్ పనికిరాదు. ఫోన్ గాఢనిద్రలో ఉన్నంతసేపు దాని లెక్క ఆగిపోతుంది.

ఫొటోల బ్యాకప్ లాంటివి కాస్త అటూఇటూ అయినా పర్వాలేదు. వాటికి ‘వర్క్‌మేనేజర్’ వాడాలి. అందులో పదేపదే చేసే పనికి మధ్య కనీసం 15 నిమిషాల ఎడం ఉండాలి.

మాత్ర టైమ్, సహరీ అలారం లాంటివి నిమిషం తప్పకూడదు. వాటికి ‘అలారంమేనేజర్’లోని కచ్చితమైన అలారమే దిక్కు. కునుకులో ఉన్నా మోగే రకాన్నే ఎంచుకోవాలి. ఫోన్ ఆపి ఆన్ చేస్తే ఈ అలారాలు చెరిగిపోతాయి కాబట్టి, ఆన్ అవ్వగానే మళ్లీ పెట్టేలా కోడ్ రాయాలి.

వాడేవాళ్లు చూసుకోవాల్సినవి

కచ్చితమైన అలారానికి 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి ఉంది. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు అది దానంతట అదే రాదు. సెట్టింగ్స్‌లో ‘అలారంలు, రిమైండర్లు’ అనుమతి, నోటిఫికేషన్ అనుమతి ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. యాప్ బ్యాటరీ వాడకంపై ఆంక్ష ఉంటే తీసేయండి.

పగలు ఫోన్ చేతిలో పట్టుకొని పరీక్షిస్తే ఏ యాప్ అయినా బాగానే మోగుతుంది. ఒక రాత్రి ఛార్జర్ తీసేసి, ఫోన్‌ని బల్ల మీద వదిలేసి చూడండి. తెల్లవారుజామున టైమ్‌కి మోగితేనే పెద్దవాళ్ల మందులకు దాన్ని నమ్ముకోవచ్చు.