విమానం వెనుక గాలి సుడులు: ఎడం ఎందుకు, ఎంత?

7.1 ఉపోద్ఘాతం

విమానాశ్రయ పరిసరాల్లో రాడార్ సాయంతో రెండు విమానాల మధ్య సాధారణంగా కనీసం 3 నాటికల్ మైళ్ళ ఎడం ఉంచుతారని గత భాగంలో తెలుసుకున్నారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఒక విమానం మరొకదాన్ని ఢీకొనకుండా ఉండడానికి ఈ ఎడం సరిపోతుంది. అయినా కొన్ని సందర్భాల్లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ 5, 6, చివరకు 8 మైళ్ళ ఎడం కూడా పాటిస్తాడు. ముందు వెళ్ళిన విమానం తన వెనుక కంటికి కనిపించని అలజడిని వదిలివెళ్ళడమే దీనికి కారణం. దీనినే వేక్ టర్బులెన్స్ అంటారు.

7.2 సుడులు ఎలా ఏర్పడతాయి?

రెక్క కింద గాలి పీడనం ఎక్కువగా, పైన తక్కువగా ఉండడం వల్ల విమానం గాలిలో నిలుస్తుంది. రెక్క చివర దగ్గర కింది గాలి అంచును చుట్టుకొని పైకి ఎగబాకుతుంది. ఆ విధంగా రెండు రెక్కల వెనుక ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సుడులు ఏర్పడతాయి. ఇవి ఇంజన్ల వల్ల పుట్టేవి కావని గుర్తుంచుకోండి. రెక్కలు విమానాన్ని మోస్తున్నంతసేపూ సుడులు పుడుతూనే ఉంటాయి.

విమానం బరువు పెరిగేకొద్దీ, వేగం తగ్గేకొద్దీ సుడి బలం పెరుగుతుంది. అందువల్ల నెమ్మదిగా దిగే భారీ విమానం వెనుక ప్రమాదం ఎక్కువ. సుడులు నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున కిందికి దిగుతాయి. నేలకు చేరువైనప్పుడు చెరో పక్కకు జరుగుతాయి. పక్క నుంచి వీచే తేలికపాటి గాలి ఒక సుడిని రన్‌వే మీదే నిలిపివేయగలదు. వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజున సుడులు త్వరగా చెదిరిపోవు. కాబట్టి గాలి నిమ్మళంగా ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు.

చిన్న విమానం ఈ సుడిలో చిక్కుకుంటే ఒక పక్కకు తిరగబడుతుంది. పైలట్ సరిదిద్దుకోవడానికి తగినంత ఎత్తు ఉండకపోవచ్చు.

7.3 బరువును బట్టి ఎడం

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గరిష్ఠ టేకాఫ్ బరువు ఆధారంగా విమానాలను వర్గీకరించింది. 7,000 కిలోల వరకు ‘లైట్’, అంతకు మించి 1,36,000 కిలోల లోపు ‘మీడియం’, 1,36,000 కిలోలు, ఆపైన ‘హెవీ’. ఎయిర్‌బస్ ఏ380ని ‘సూపర్’గా వేరుచేశారు. రాడార్ నియంత్రణలో పాటించే కొన్ని కనీస ఎడాలు ఇవి:

హెవీ వెనుక హెవీ: 4 నాటికల్ మైళ్ళు
హెవీ వెనుక మీడియం: 5
హెవీ వెనుక లైట్: 6
మీడియం వెనుక లైట్: 5
ఏ380 వెనుక మీడియం: 7
ఏ380 వెనుక లైట్: 8

శంషాబాద్‌లో మీరు చూసే ఏటీఆర్-72 బరువు సుమారు 23 టన్నులు, ఎయిర్‌బస్ ఏ321 బరువు 90 టన్నులకు పైనే. ఈ పద్ధతిలో రెండూ మీడియమే. అంటే ఒకే వర్గంలో కూడా బరువుల్లో చాలా తేడా ఉండవచ్చు. ఆ తేడా ఎంత ప్రమాదకరమో కింది ఉదాహరణ చెబుతుంది.

7.4 శాంటా ఆనా ప్రమాదం

1993 డిసెంబర్ 15న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా ఆనా వద్ద వెస్ట్‌విండ్ అనే చిన్న జెట్ విమానం బోయింగ్ 757 వెనుక దిగుతూ కూలిపోయింది. అందులోని ఐదుగురూ మరణించారు. ఆనాటి అమెరికా వర్గీకరణలో ఈ రెండూ ‘లార్జ్’ వర్గానికే చెందేవి. కానీ బరువులో 757 సుమారు పదింతలు పెద్దది.

వెస్ట్‌విండ్ పైలట్లు కంటిచూపు ఆధారంగా దిగుతున్నారు. అటువంటప్పుడు ఎడం పాటించే బాధ్యత పైలట్‌దే. వారు 757కు సుమారు 2 మైళ్ళ దూరంలోకి వచ్చారు, పైగా దాని మార్గం కన్నా కింద ఉన్నారు. సుడులు దిగేది కూడా అటే. ముందున్న విమానం కంటికి కనిపిస్తుంది కానీ దాని సుడి కనిపించదు. దర్యాప్తు సంస్థ పైలట్ల లోపంతో పాటు నియంత్రణ విధానాల్లోని కొరతను కూడా ఎత్తిచూపింది. ఆ తర్వాత 757 వెనుక పాటించే ఎడాన్ని పెంచారు.

7.5 ఎడం పెంచితే సరిపోతుందా?

దిగే విమానం వేగం 140 నాట్లు అనుకోండి. 3 మైళ్ళ దూరానికి సుమారు 77 సెకన్లు, 5 మైళ్ళకు సుమారు 129 సెకన్లు పడుతుంది. అంటే లెక్క ప్రకారం గంటకు 46 విమానాలు దిగగల చోట 28 మాత్రమే దిగుతాయి. మిగిలినవి ఆకాశంలో చక్కర్లు కొట్టాలి, లేదా బయలుదేరిన చోటే ఆగాలి. అందుకే అవసరమైన చోట ఎడం పెంచి, అవసరం లేని చోట తగ్గించే వర్గీకరణ కావాలి. అమెరికాలోని మెంఫిస్‌లో 2012లో బరువుతో పాటు రెక్కల పొడవును కూడా లెక్కలోకి తీసుకొని ఆరు వర్గాల పద్ధతిని అమలు చేశారు. లండన్ హీత్రూలో 2015 నుంచి ఎదురుగాలి బలంగా ఉన్నప్పుడు దూరానికి బదులు కాలాన్ని కొలతగా తీసుకుంటున్నారు.

7.6 సారాంశం

సుడి కంటికి కనిపించదు కాబట్టి కంట్రోలర్, పైలట్ ఇద్దరూ నియమం మీదే ఆధారపడాలి. ఆ నియమం ఎంత సమర్థమైనదన్నది దాని వెనుక ఉన్న వర్గీకరణ మీద ఆధారపడి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భారీ విమానం నెమ్మదిగా ఎగిరేటప్పుడు దాని సుడులు బలంగా ఉండడానికి కారణం ఏమిటి?
2. వెనుక వచ్చే చిన్న విమానం ముందు విమానం మార్గానికి పైన ఉండడం ఎందుకు మంచిది?
3. బరువు ఒక్కటే ఆధారంగా చేసే వర్గీకరణకు ఉన్న పరిమితిని ఒక ఉదాహరణతో వివరించండి.