తలుపేసుకోవడానికి గది ఏదీ?

సింహాద్రి అప్పన్న గుడిలో కప్పస్తంభాన్ని కావలించుకున్న మనిషి ఏం మొక్కుకున్నాడో పక్కవాడు అడగడు. అడగకూడదని బోర్డేమీ ఉండదు. అడగరు, అంతే. పిల్లలు కలగాలనో, కోడలు తిరిగి రావాలనో, మొగుడు తాగుడు మానాలనో ఆ రాతికి చెంప ఆనించి, లోపలిది లోపలే చెప్పుకుని దిగిపోతారు. కొండ దిగి ఇంటికొస్తే ఈ మర్యాద దొరకదు. ‘ఏటైంది? ఏటలాగున్నావు?’ అని నలుగురు అడుగుతారు. నలుగురూ నాలుగు సలహాలిస్తారు. సాయంత్రానికల్లా పెద్దాడపడుచుకి ఫోను వెళ్లిపోతుంది.

నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారు. వరసకి వదిన. భర్త ఉక్కు కర్మాగారంలో ఇంకా సర్వీసు మిగిలుండగానే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. కొడుకు అమెరికాలో. అత్తగారు మంచం మీద. కొన్నాళ్లుగా ఈవిడకి నిద్ర లేదు, ఏ పనీ పూర్తికాదు. వారానికోసారి ఫోన్లో కౌన్సెలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టారు. కానీ ఎక్కణ్ణుంచి మాట్లాడాలి? ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో అత్తగారు, రెండోదాంట్లో భర్త, టీవీ. అందుకని శనివారం పొద్దున్నే ‘అప్పన్న దగ్గరికి వెళ్లొస్తా’నని చెప్పి, తొలిపావంచా దాటాక నాలుగు మెట్లెక్కి, పక్కగా కూచుని, తలమీద కొంగు కప్పుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు.

“దేవుడి పేరుతో అబద్ధం కదా వదినా?” అన్నాను.

“దేవుడికి చెప్పలేదుగా. మీ అన్నయ్యకి చెప్పాను,” అన్నారు.

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ గురించి మాట్లాడేవాళ్లంతా సిగ్నల్ గురించి, ఫీజు గురించి మాట్లాడతారు. అవీ ఇబ్బందులే. నా లెక్కలో అసలు ఇబ్బంది తలుపు. ‘మీరొక్కరే ఉన్న గదిలో కూర్చోండి’ అనేది ఈ వైద్యంలో మొదటి మాట. మన ఇళ్లలో చాలామందికి ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది.

అలాగని చెప్పుకోవాల్సినవి తక్కువేం కాదు మా విశాఖలో. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్రదేశమంతా కదిలి 32 మంది ప్రాణాలిచ్చారు. భూములిచ్చిన పల్లెల్లో నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ తండ్రులు ముసలివాళ్లయ్యారు, కొడుకులు నడివయసుకొచ్చారు. 2021 జనవరి 27న నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, ఆ వార్త జీతం రాళ్లతో పాటు పెళ్లి సంబంధాలనూ, ఇంటి రుణాలనూ తాకింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. ఆ నాలుగేళ్ల అయోమయం మాత్రం అప్పటికే అన్నం కంచం దాకా వచ్చేసింది. ఇటు సింహాచలం చుట్టూ పంచగ్రామాల్లో దేవస్థానం భూముల గొడవ ఉంది. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. ఇల్లుంటుంది, అందులో పుట్టి పెరిగి ఉంటారు, హక్కు కాగితం మాత్రం ఉండదు. అమ్మాయి పెళ్లికి అమ్ముకుందామన్నా, అన్నదమ్ములు పంచుకుందామన్నా అక్కడే ముడి. ఇది ఏ డాక్టరూ పేరు పెట్టే జబ్బు కాదు. కానీ మొగుడూ పెళ్లాల మాట పెరిగేది దీని దగ్గరే.

ఇంకొకటి. 2020 మార్చి 25న, దేశం మొత్తం లాక్‌డౌన్‌లోకి వెళ్లిన రోజునే, వైద్యులు ఫోన్లోనూ వీడియోలోనూ రోగిని చూడొచ్చని కేంద్రం నిబంధనలు విడుదల చేసింది. ఆరు వారాలకి, మే 7 తెల్లవారుజామున, సింహాచలం స్టేషన్‌కి దగ్గర్లోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తిన తల్లిదండ్రులు, ఆ తర్వాత నెలల తరబడి తలుపులు బిగించుకుని అవే ఇళ్లలో ఉన్నారు. వింత వాసన వస్తే ఉలిక్కిపడటాన్ని ఎవరితో చెప్పుకోవాలి?

చెప్పుకోవడానికి విశాఖలో చోటు లేక కాదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఎన్నో తరాలుగా ఉంది. చిక్కేమిటంటే, ఉత్తరాంధ్రలో ‘వాల్తేరు పంపాలి’ అంటే అర్థం ఒక్కటే, తెలంగాణలో ఎర్రగడ్డ అన్నట్టు. ఒక పేటపేరు తిట్టయి కూర్చున్నాక, నిద్రపట్టని మనిషి ఆటోవాడికి ఆ అడ్రసు చెప్పలేడు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన పెద్దవాళ్లలో వందకి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది వైద్యం దాకా రానేలేదు. ఫోను చేసిన మేలల్లా ఈ ఆటో ప్రయాణాన్ని తప్పించడం. నా దృష్టిలో అది చిన్నమేలు కాదు.

2022 అక్టోబరు 10న టెలిమానస్ మొదలైంది. 14416కి చేస్తే ముందు భాష ఎంచుకోమంటుంది, తెలుగుంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమనుకుంటే మానసిక నిపుణులకు కలుపుతారు. ఇంకా కావాలంటే దగ్గర్లోని ఆసుపత్రికో, వీడియో ద్వారా డాక్టరుకో పంపుతారు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. పైసా తీసుకోరు.

అయితే అవతలి మనిషికి తెలుగొస్తే సరిపోదు, మన తెలుగు రావాలి. కరపత్రంలో ‘కుంగుబాటు’, ‘ఆందోళన’ అని ఉంటుంది. మా వదిన ఎప్పుడూ ఆ మాటలనలేదు. ‘బెంగగా ఉంది’ అన్నారు. ‘కాళ్లు పీకుతున్నాయి’ అన్నారు. పక్కింటి ముసలమ్మ చూసి ‘మనాది పట్టుకుంది దానికి’ అంది. మనోవ్యాధి నోట్లో నలిగి నలిగి మనాది అయింది. జబ్బు పేరు మన పల్లెకి ఏ డాక్టరూ రాకముందే తెలుసన్నమాట. కాళ్లు పీకుతున్నాయన్న మనిషిని కాల్షియం మాత్రలకి పంపేయకుండా ‘అబ్బాయి వెళ్లి ఎన్నాళ్లయిందమ్మా?’ అని అడిగేవాళ్లే పనికొచ్చే కౌన్సెలర్.

డబ్బు తీసుకునే యాప్‌ల విషయంలో తలుపు సంగతి మరోలా వస్తుంది. ఇంట్లోవాళ్లకి తెలియదు సరే, యాప్ వాళ్లు ఎవరికి చెబుతున్నారు? అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద సంస్థ తన దగ్గరికి వచ్చినవాళ్ల వివరాలను ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటివాటికి ప్రకటనల కోసం అందించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2023లో 78 లక్షల డాలర్లు కట్టించింది. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. కాబట్టి అడగండి. మాటలు రికార్డు చేస్తారా, ఎక్కడ దాస్తారు? క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు సంఖ్య ఎంత? మందులు రాస్తానంటే సైకియాట్రిస్టేనా? అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర మనసు విప్పక్కర్లేదు.

ఈమధ్య కుర్రాళ్లు నేరుగా యంత్రంతోనే చెప్పుకుంటున్నారు. ఇదీ కొత్తకాదు. మన ఉక్కు ఉద్యమం జరిగిన 1966లోనే జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు అమెరికాలో ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామును లోకానికి పరిచయం చేశాడు. మనమన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగటం తప్ప దానికేమీ రాదు. ఆ సంగతి తెలిసిన ఆయన సెక్రటరీయే దానితో నాలుగు మాటలు మాట్లాడి, ‘మీరు కాస్త బయటికెళ్తారా’ అని ఆయన్ని అడిగిందట. చూశారా, మళ్లీ తలుపే! ఆవిడకి కావలసింది కంప్యూటర్ తెలివి కాదనుకుంటాను, ఆ గదిలో మరో మనిషి లేకపోవడం.

ఫోనుకి లొంగనివీ ఉన్నాయి. చచ్చిపోవాలనే ఆలోచన గట్టిపడినా, ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నా మనిషిని చేయిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. తోవలో 14416కి చేయండి. కొట్టేవాడు పక్కగదిలోనే ఉన్న ఇంట్లో వీడియో కౌన్సెలింగ్ అంటే మరో ప్రమాదం. అక్కడ ముందు ఆవిడ బయటపడాలి, 181కి చేయాలి.

మిగతా ఇళ్లకి నాదొక మనవి. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్తే వెంట వెళ్లకండి. ఎవరితో అని అడగకండి. పెరట్లో నిలబడి మాట్లాడుతుంటే, టీవీ సౌండు కాస్త పెంచండి.