బంతిని వదిలేయడం కూడా ఆటే

"ఏందిరా, పొద్దంతా ఆ కట్టె పట్టుకొని!" ఫోన్‌లో బేస్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్లలో వినిపించే మాట ఇది. అదే క్రికెట్ అయితే ఎంత స్కోరని మనమే అడుగుతాం. బేస్‌బాల్ మనకు తెలియదు కాబట్టి అదేదో పనికిరాని ఆటలా కనిపిస్తుంది. పూర్ణ గోదాముల పక్కన ఉన్నా, పద్మానగర్ గల్లీల్లో ఉన్నా పిల్లలకు ఆడుకోను జాగా తక్కువ. వాళ్ల చేతిలో మిగిలింది ఫోనే. అందులో ఏముందో ఒకసారి చూద్దాం.

బేస్‌బాల్‌ను ఉన్నదున్నట్టు చూపాలని తయారుచేసిన ఆటలు కొన్ని ఉన్నాయి. ప్లేస్టేషన్‌లాంటి వాటిమీద ఆడే 'ఎంఎల్‌బీ ద షో' వాటిలో పేరున్నది. ఫోన్‌లో అయితే కొరియా కంపెనీ కామ్‌టుఅస్ వారి 'ఎంఎల్‌బీ 9 ఇన్నింగ్స్' ఉంది. 'ద షో'లో బటన్ నొక్కితే సిక్సర్ పోదు. బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి అంత దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు. అంతలోనే అది వేగంగా వచ్చేదా, వంపు తిరిగేదా, అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చి మోసం చేసేదా పసిగట్టాలి. కొట్టాలా, వదలాలా తేల్చుకోవాలి. తప్పితే తొందరపడ్డావనో, ఆలస్యం చేశావనో తెర మీద చూపిస్తుంది. పన్నెండు గంటల పాళీలో సాంచాల చప్పుడు మధ్య నిలబడి, ఎక్కడో పోగు తెగిందని పసిగట్టే తండ్రికి ఈ పని కొత్తేమీ కాదు.

వదలడంలోనే ఈ ఆట కిటుకంతా ఉంది. మోకాళ్లకు కాస్త కింది నుంచి ఛాతీ దాకా, 17 అంగుళాల పలక వెడల్పున కంటికి కనిపించని ఒక చట్రం ఉంటుంది. దాని పేరు స్ట్రైక్ జోన్. దాని బయటపోయే బంతులు నాలుగు వదిలేస్తే ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళ్లొచ్చు. చట్రంలోకి వచ్చినదాన్ని వదిలితే మాత్రం స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే ఔట్. కొత్తగా ఆడే పిల్లలు ప్రతి బంతికీ ఊపి ఔటవుతారు. నాలుగు రోజులకు ఆగడం నేర్చుకుంటారు. చిర్రగోనెలో ఈ ఆగడం లేదు, మరాఠీ పిల్లల విటీదాండూలోనూ లేదు.

లెక్కల టీచర్లకు ఇందులో పాఠం సిద్ధంగా ఉంది. 1941లో టెడ్ విలియమ్స్ 456 సార్లు ప్రయత్నించి 185 హిట్లు కొట్టాడు. భాగహారం చేయించండి, 0.406 వస్తుంది. అంటే పదిసార్లలో ఆరుసార్లు విఫలమైనా ఆయన్ని గొప్పవాడిగానే చెప్పుకుంటారు. మూడుసార్లు కొట్టినవాడికి కూడా మంచి బ్యాటరనే పేరుంటుంది. నూటికి తొంభై రాలేదని పిల్లల్ని నిలదీసే మన ఇళ్లలో ఈ లెక్క కాస్త వింతగానే తోస్తుంది.

మాకు అంతకంటే నచ్చింది మరొకటుంది. 2023లో 'ద షో'లో ఒక కొత్త భాగం చేర్చారు. నల్లవాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు తమ లీగులు తామే నడుపుకున్నారు. 1920లో కాన్సస్ సిటీలో రూబ్ ఫాస్టర్ చొరవతో మొదలైన లీగు వాటిలో ఒకటి. అక్కడి నీగ్రో లీగ్స్ మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ ఈ భాగంలో తాతలు కథ చెప్పినట్టు ఒక్కొక్కరి గురించి చెబుతాడు. పిల్లలు ఆ కథల్లోని ఘట్టాలను తామే ఆడతారు. సాచెల్ పేజ్‌గా బంతి విసురుతారు. 2024 ఆటలో అయితే 1953లో మగవాళ్ల జట్టులో ఆడిన టోనీ స్టోన్ అనే ఆమె కూడా ఉంది.

ఆ ఆటగాళ్ల లెక్కలను పెద్ద లీగులు దశాబ్దాల పాటు తమ పుస్తకంలో రాసుకోలేదు. పాత పత్రికల్లో, ముఖ్యంగా నల్లవాళ్లు నడుపుకున్న పత్రికల్లో అచ్చయిన స్కోరు పట్టికలను వెతికి పోగుచేసినవారి శ్రమ వల్ల 2024 మేలో అవి అధికారిక రికార్డుల్లోకి ఎక్కాయి. దాంతో 0.372 సగటుతో జాష్ గిబ్సన్ అందరికంటే పైకొచ్చాడు. ఆయన 1947 జనవరిలో, 35 ఏళ్లకే పోయాడు. మూడు నెలల తరువాత జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టాడు. తమ మాట, తమ ఆట ఎవరూ రాసిపెట్టకపోతే ఏమవుతుందో మన బడుల పిల్లలకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ కథ వినిపిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ ఆటలు ఆటగాళ్ల కార్డులను మూసిన పొట్లాల్లో అమ్ముతాయి. ఏ ఆటగాడొస్తాడో విప్పేదాకా తెలియదు. అమ్మానాన్నల ఫోన్‌లోనే డబ్బు చెల్లించే యాప్ కూడా ఉంటుంది కాబట్టి, ఆ కొనుగోళ్లకు తాళం వేసి, దాని సంకేత సంఖ్య మీ దగ్గరే పెట్టుకోండి. రాత్రి పాళీకి వెళ్లేవాళ్లు ఫోన్ ఇంట్లో వదిలి వెళితే మరీ ముఖ్యం.

తిట్టే ముందు పది నిమిషాలు పక్కన కూర్చోండి. స్ట్రైక్ జోన్ ఏమిటో తెలుగులో చెప్పమనండి. సగం మాటలు ఇంగ్లిష్‌వే వస్తాయి, రానివ్వండి. తరువాత ఇంకొకటి అడగండి: స్ట్రైక్ అంటే కొట్టడం కదా, కొట్టకుండా వదిలేసిన బంతిని కూడా స్ట్రైక్ అంటారేం? ఎవరికీ తట్టకపోతే మీరే చెప్పండి: పూర్వం కొందరు మంచి బంతులను కూడా వదిలేస్తూ గంటల తరబడి నిలబడేవారట. అందుకే 1858లో, కొట్టకపోయినా కొట్టినట్టే లెక్క వేయమని నియమం పెట్టారు.