ఇంటి మెయిలు సర్వరునకు పూచీదారు

నేఁటి దినములలో ఉత్తరమనఁగా మన విద్యార్థులలో ననేకులకు ఈమెయిలే జ్ఞప్తికి వచ్చును. పరీక్షాఫలితములు, కళాశాలా ప్రవేశపత్రములు, ఉద్యోగపు టుత్తరువులు మొదలగునవి తఱచుగా నీ మార్గముననే వచ్చుచున్నవి. ఆ యుత్తరములను మోయు సర్వరును తమ యింటనే నిలిపి నడపఁగోరువారు కొలఁదిమంది గలరు. వారికి తొలుత నెదురగు చిక్కొకటి గలదు. సర్వరు చక్కగా నడచుచుండును. ఇంటిలోనివా రొకరి కొకరు పంపుకొను నుత్తరములు క్షణములో చేరును. బయటి కంపినవి మాత్రము చేరవు. ఇట్లేల జరుగునో, ఇంటర్నెట్టు సంస్థవారి సర్వరు ద్వారా రిలే యేర్పఱచుకొనుట దానికెట్లు పరిహార మగునో, అందు మన బాధ్యత యెంతయో యీ వ్యాసమున వివరింపఁబూనితిమి.

ఒక కంప్యూటరునుండి మఱొక కంప్యూటరునకు వలమీఁదుగా నుత్తరమును మొదట పంపినది 1971వ సంవత్సరమున రే టాంలిన్‌సన్ అను అమెరికా దేశపు ఇంజనీరు. అట్టి యుత్తరములకు నిశ్చితమైన మర్యాదను 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ వ్రాసి ప్రకటించెను. ఎస్.ఎం.టి.పి. యని దానికి పేరు. ఇది రెండు యంత్రముల సంభాషణ. పంపు యంత్రము తన పేరు చెప్పి నమస్కరించును. ఉత్తర మెవరివద్దనుండి వచ్చినదో, ఎవరికిఁ జేరవలెనో తెలిపి, పిమ్మట నుత్తరమును చదివి వినిపించును. పుచ్చుకొను యంత్రము ప్రతి మాటకు నొక యంకెతో బదులు చెప్పును. 250 యనఁగా సమ్మతము. 4తో మొదలగు నంకె యనఁగా మరల రమ్మనుట. 5తో మొదలగు నంకె యనఁగా నిరాకరణము.

ఈ తొలి మర్యాదలో పంపువా రెవరో రుజువు చేయవలెనను నియమము లేదు. ఆనాఁడు వలలోని యంత్రములు కొలఁదివి. వానిని నడుపువా రొకరి నొకరు తఱచుగా నెఱిఁగినవారు. కావున నెవరి యుత్తరమునైనను పుచ్చుకొని ముందునకు సాగనంపుట సౌజన్యముగా నెంచఁబడెను. అట్లు సాగనంపుటయే రిలే. కాని 1990వ సంవత్సరమునకుఁ బిమ్మట వల వ్యాపారులకు తెఱవఁబడఁగా నా సౌజన్యమే యనర్థమునకు మూలమయ్యెను. అడుగని ప్రకటనలను లక్షలకొలఁదిగా వెదజల్లువారు అన్యుల సర్వరులను వాడుకొనసాగిరి. పిమ్మట వైరసు సోఁకిన యింటి కంప్యూటరులుకూడ యజమానులకుఁ దెలియకయే యిట్టి స్పామును వెదజల్లెను.

కాఁబట్టి తలుపులు మూయవలసివచ్చెను. అనేక ఇంటర్నెట్టు సంస్థలవారు గృహములనుండి 25వ పోర్టుగుండ వెలుపలికిఁ బోవు మార్గమును నిలిపివేసిరి. ఆ మార్గము తెఱచియున్నచోటనైనను పుచ్చుకొను సర్వరులు ఇంటి సర్వరును సందేహించును. ఇంటికిచ్చు ఐ.పి. అడ్రసు పలుమాఱు మాఱుచుండును. ఆ యడ్రసునుబట్టి వెదకినచో మన డొమైను పేరు కనఁబడదు. ఇండ్ల కిచ్చిన యడ్రసులను వరుసగా పేర్కొను నిషేధపట్టికలును గలవు. ఈ నిరాకరణము మన యుత్తరమును చదివి చేసినది కాదు. మనమెవరమో చెప్పి పూచీపడువారు లేకపోవుటయే దానికిఁ గారణము.

ఆ పూచీదారే ఇంటర్నెట్టు సంస్థవారి రిలే సర్వరు. దానికి స్థిరమైన యడ్రసును, తగిన పేరును, నడవడివలన సంపాదించిన మంచి మాటయు నుండును. మన సర్వరు ప్రతి యుత్తరమును దానికే యప్పగించును. అది గమ్యమునకు చేర్చును. ఇట్లు గృహస్థులనుండి యుత్తరములను పుచ్చుకొనుటకు 587వ పోర్టు 1998 డిసెంబరులో నిర్ణయింపఁబడెను. మొదటి మాటనుండియే రహస్యలిపిలో నడచు 465వ పోర్టు 2018 జనవరిలో నీ పనికి సిఫారసు చేయఁబడెను. ఈ ద్వారములయొద్ద సాధారణముగా ఖాతాపేరును పాసువర్డును చూపవలెను. పూర్వపు మర్యాదలో లేని రుజువు ఇక్కడఁ గలదు.

ఇఁక నేర్పాటు క్రమము. వీట్సె వెనెమా యను శాస్త్రజ్ఞుఁడు ఐ.బి.ఎం. పరిశోధనాలయమున రచించి 1998లో వెలువరించిన పోస్టుఫిక్స్ అను సర్వరును ఉదాహరణముగాఁ గైకొందము. తొలుత మన సంస్థవారు రిలే నిత్తురో లేదో యడిగి, సర్వరు పేరు, పోర్టు, ఖాతా వివరములు తీసికొనవలెను. అందఱు నీ సేవ చేయరు. అట్టిచో రుసుము గైకొని రిలే చేయు వేఱొక సంస్థ నాశ్రయింపవచ్చును.

పిమ్మట మెయిన్ డాట్ సి.ఎఫ్. అను ఫైలును తెఱచి, రిలేహోస్ట్ అను పదమునకెదుట ఆ సర్వరు పేరును చదరపు బ్రాకెట్లలో వ్రాసి, దానివెంట రెండు చుక్కల గుఱుతును 587 అంకెను నుంచవలెను. బ్రాకెట్లు నిరర్థకములు కావు. అవి యున్నచో పోస్టుఫిక్స్ ఆ పేరుకుఁ జెందిన ఎం.ఎక్స్. రికార్డును వెదకక, నేరుగా నా యంత్రమునే పిలుచును. ఖాతాపేరును పాసువర్డును వేఱొక ఫైలులో వ్రాయవలెను. అందు సర్వరు పేరును రిలేహోస్టునకెదుట నున్నట్లే బ్రాకెట్లతోడను పోర్టుతోడను వ్రాయనిచో పోస్టుఫిక్స్ దానిని గుర్తింపలేదు. ఆ ఫైలును సర్వరు యజమాని తప్ప నన్యులు చదువకుండ కట్టుదిట్టము చేసి, పోస్ట్‌మ్యాప్ అను నాజ్ఞచే పట్టికగా మార్చి, మెయిన్ డాట్ సి.ఎఫ్. నందు దానిజాడ తెలుపవలెను. పంపునపుడు ఖాతాను చూపవలెననియు, రహస్యలిపి లేనిచో పంపరాదనియు నా ఫైలునందే వ్రాయవలెను. ఒక హెచ్చరిక: పేరు ఎస్.ఎం.టి.పి. అని మొదలగు నియమములు మనము పంపు నుత్తరములకును, ఎస్.ఎం.టి.పి.డి. అని మొదలగునవి మనయొద్దకు వచ్చువానికిని సంబంధించినవి. ఒక్క డి యక్షరమువలన నియమము తాఱుమాఱగును.

సర్వరునకు క్రొత్త నియమములను చదివించిన పిమ్మట బయటి కొక యుత్తరమును పంపి, లాగు ఫైలును చూడవలెను. అందు సంస్థవారి సర్వరు పేరును 250 అంకెయు కనఁబడినచో వారు పుచ్చుకొనిరన్నమాట. 535 కనఁబడినచో ఖాతాపేరో పాసువర్డో సరిపోలేదు. మార్గమే దొరకనిచో నుత్తరము వరుసలో నిలిచియుండును. పోస్టుఫిక్స్ సాధారణముగా నైదుదినములు ప్రయత్నించి, పిదప పంపినవారికే త్రిప్పి పంపును. పుచ్చుకొన్న సర్వరు ఉత్తరమును ముందునకు సాగించుటకో, సాగింపలేనిచో పంపినవారికిఁ దెలుపుటకో బాధ్యత వహించును. 250 అను నంకెకు నర్థమిదియే. అది గమ్యమునఁ జేరినదనుటకు సాక్ష్యము కాదు.

పంపువారి పేరును సరిచూచుకొనవలెను. ఇంటి యంత్రము తనంతట వ్రాయు నుత్తరములు బయటి లోకమున చెల్లని స్థానిక నామముతో వెడలవచ్చును. అనేక సంస్థలవారు వానిని నిరాకరింతురు. కావున నా పేర్లను చెల్లుబాటగు చిరునామాలుగా మార్చు పట్టిక నొకదాని నేర్పఱచుకొనవలెను. సొంత డొమైను గలవారు, తమ పేర నుత్తరములు పంపుట కధికారముగల సర్వరులను ఎస్.పి.ఎఫ్. అను రికార్డులో ప్రకటింతురు. రిలే సర్వరును అందుఁ జేర్చుట మఱవరాదు. ఉత్తరముమీఁద ముద్రవంటిదగు డి.కె.ఐ.ఎం. గుఱుతును నుంచుట మేలు. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలవా రీ రుజువులవిషయమున మఱింత కఠినముగా నున్నారు.

తెలుగులో వ్రాసిన యుత్తరములు రిలే ద్వారా నిరాటంకముగాఁ బోవును. చిరునామాయే తెలుగు లిపిలో నున్నచో సంగతి వేఱు. అట్టి చిరునామాలకు 2012లో నియమము లేర్పడినను, దారిలోని ప్రతి సర్వరును వాని నంగీకరింపవలెను. మన రిలే యంగీకరింపనిచో నుత్తర మచటనే నిలిచిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మైనెట్‌వర్క్స్ అను నియమము. ఎవరి యుత్తరములను ప్రశ్నింపక సాగనంపవచ్చునో యిందు వ్రాయఁబడును. అందు సర్వరునుమాత్రమే, లేదా నమ్మఁదగిన యింటి యంత్రములనుమాత్రమే చేర్చవలెను. వచ్చిపోవు చుట్టములు వాడు వైఫైని చేర్చుట యుచితము కాదు. లోకమంతటి కడ్రసు తెఱచి యుంచితిమేని, పూచీదారుని పేర నెవరైనను మన యింటిగుండ స్పాము పంపఁగలరు. సంస్థవారు మన ఖాతాను నిలిపివేయుట యటుంచి, వారి సర్వరే నిషేధపట్టికలకెక్కినచో, దానినే నమ్ముకొన్న యితర గృహస్థుల యుత్తరములుకూడ నిలిచిపోవును. వారిలో నొకరు ఉద్యోగమున కర్జీ పంపియుండవచ్చును. మఱొకరు రోగియగు తల్లి క్షేమ మడిగియుండవచ్చును.

లోపములను దాఁచక చెప్పుట మా విధి. రహస్యలిపి మన యింటినుండి రిలే సర్వరువఱకే రక్షణ. ఆ సర్వరులో నుత్తరము తెఱచిన కాగితమువలె నుండును. దినమున కింతయని పరిమితియు నుండవచ్చును. బయటినుండి వచ్చు నుత్తరములకు రిలే సాయపడదు. దాని కేర్పాటు వేఱు.

చదువరులారా! ఋణపత్రముమీఁద పూచీగా చేవ్రాలు చేసినవాని గౌరవము అప్పుగొన్నవాని నడవడిపై నాధారపడునని మన పెద్ద లెఱుఁగుదురు. రిలే విషయమున నట్లే. అది మన కెరువిచ్చు పేరు అనేకులది. కావున సర్వరును నిలుపువారు లాగు ఫైలును వారమున కొకమాఱైనను పరిశీలింపవలెను. మైనెట్‌వర్క్స్ నియమమును ముందుగా సరిచూచుకొని, ఆ పిమ్మటనే మొదటి యుత్తరమును బయటికిఁ బంపవలెను.