మీకు తెలుసా? భద్రాచలం జిల్లా కేంద్రంపై జపాన్ బాంబులు పడ్డాయి

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఖమ్మం నిజాం రాజ్యంలోది. గోదావరి అవతలి భద్రాచలం మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. రాముడి గుడి ముందు పారే నీరే సరిహద్దు. అడవి మధ్య ఉన్న ఈ తాలూకాకు జిల్లా కేంద్రం సముద్రపు ఒడ్డున ఉన్న కాకినాడ.

1942 ఆరంభంలో యుద్ధం జపాన్ వైపు మొగ్గింది. ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ పడిపోయాయి. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగు కూలీలెందరో మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని కొండదారుల్లో కాలినడకన తిరుగుముఖం పట్టారు. ఆ దారిలోనే ప్రాణాలు విడిచినవారికి లెక్కలేదు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది.

ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు కురిపించాయి. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.

రెండు నెలలకే గాలి మారింది. ఏప్రిల్ 5న కొలంబోపై దాడిచేసిన అకాగి, సోర్యూ, హిర్యూ నౌకలు మూడూ, వాటితో పాటు కాగా అనే మరో నౌకా జూన్‌లో మిడ్వే యుద్ధంలో మునిగాయి. ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర ర్యూజో కూడా మునిగింది. నేల మీద మలుపు 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర వచ్చింది.

ఇక భద్రాచలం తూర్పు గోదావరి నుంచి విడిపోయి 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది.