పదిమంది మాట – ఒక్క నిర్ణయము

పదిమంది కూర్చున్నచోట ఆలోచనలకు కొదువ యుండదు. వానిలో దేనిని నిలుపవలయునో తేల్చుటయే కష్టము. నేడు ఆ తేల్చు విధమును గూర్చి మనవి చేసెదను.

గిల్‌ఫర్డ్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1950వ దశకమున ఆలోచనయందు రెండు తెఱగులను చూపెను. ఒక ప్రశ్నకు అనేక మార్గములు వెదకుట విభిన్న చింతన; ఉన్నవానిని పరీక్షించి తగిన యొక్కదానికి చేరుట సమైక్య చింతన. పేరు క్రొత్తది గాని పని మనకు క్రొత్త గాదు. న్యాయశాస్త్రమున పరిశేషానుమాన మని యొకటి కలదు. సంభవించు పక్షముల నన్నిటిని ముందుంచుకొని, పొసగనివానిని కారణముతో త్రోసివేయగా మిగిలినదానిని గ్రహించుటయే అది.

రామాయణమున విభీషణుడు శరణు వేడినపుడు, అతనిని వధింపవలె నని కపిరాజగు సుగ్రీవుడు ముందే పలికెను. అయినను రాముడు తక్కినవారి నడిగెను. శరభుడు చారుని పంపు మనెను, మైందుడు మెల్లగా ప్రశ్నింపు మనెను, జాంబవంతుడు శంకించెను. హనుమంతుడు ఆ మాటలను హేతువులతో విమర్శించి తన మతము చెప్పెను. అందఱి మాటలు విన్న పిమ్మటనే రాముడు అభయ మొసగెను.

1994వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టము గ్రామములోని ఓటరులందఱిని గ్రామసభ సభ్యులను జేసినది. కొన్నియేండ్ల క్రిందట మా రోలుగుంట ప్రాంతమున నొక సభలో వ్రాతపని నాకు తగిలినది. పైక మొక్క పనికే చాలును; కోరికలు నాలుగు: బడికి ప్రహరీగోడ, శ్మశానమునకు బాట, చెఱువు తూము, రచ్చబండకు గచ్చు. మొదటినాడు ఎవరి గొంతు పెద్దదైన వారిదే న్యాయముగా నుండెను. మఱునాడు పనుల పేరెత్తకమునుపే మూడు కొలతల నంగీకరించితిమి: ఎందఱికి మేలు? ఉన్న పైకముతో ముగియునా? ఆలసించిన నష్టమా?

గచ్చు ఆలసించినను నష్టము లేదు. బాటకు పైకము చాలదు. గోడయు తూమును మిగిలెను. బడిపంతులను గనుక నేను గోడకై పట్టుబట్టితిని. అప్పు డొక ముదుసలి రైతు, "మేష్టారూ, గోడ వచ్చే ఏడైనా కట్టుకోవచ్చు. వానలకు ముందు తూము బాగుచెయ్యకపోతే చెరువులో నీరు నిలవదండీ" అనెను. బదులు చెప్పలేకపోతిని. నా కోరికను నా చేతితోనే కొట్టివైచితిని.

కావున పెద్దలారా, ఆలోచనలు చెప్పునపుడు విమర్శింపకుడు. చెప్పుట ముగిసినపిదప కొలతలు లేక విమర్శింపకుడు. ఒకటే యైన రెండు మాటలను కలుపుడు. కొట్టివేయుదానికి కారణము చెప్పుడు. దానిని చింపివేయక మఱు సంవత్సరమునకు దాచుడు. స్త్రీలు, కూలివారు ఊరకున్నచో అంగీకరించి రనుకొనకుడు, అడుగుడు. అన్నిటికంటె ముఖ్యము, పెద్దవాడు తన మాట కడపట చెప్పవలయును. అతడు ముందు పలికినచో పిన్నలు నోరు విప్పరు. అప్పు డొక్కని తలపే పదిమంది నిర్ణయముగా చెలామణి యగును.