చలికాలం చెరువులో వల వద్దు

కార్తీకం దాటాక కైకలూరు వైపు చెరువులకు వెళ్తే నేను ముందుగా మేత సంచులు చూస్తాను. పొద్దున తవుడు నింపి కట్టిన సంచి మధ్యాహ్నానికి ఖాళీ అవ్వాలి. సగం మిగిలిందంటే నీళ్లు చల్లబడ్డాయి, చేప మందగించింది. ఆకలితో పాటు దాని రోగనిరోధక శక్తీ మందగిస్తుంది. రైతులకు నేను పదేపదే చెప్పేది ఇదే.

ఎండైనా చలైనా మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చేప ఒళ్లు మాత్రం నీళ్లెంత చల్లగా ఉంటే అంత చల్లన. కొత్త రోగక్రిమిని గుర్తుపట్టి యాంటీబాడీల తయారీకి తోడ్పడే టి-కణాలు చలికి నెమ్మదిస్తాయి. యాంటీబాడీలు ఆలస్యంగా వస్తాయి. అప్పటిదాకా చేపను కాచేది ఒంటి మీది జిగురు, పొలుసులు, పుట్టుకతో వచ్చిన రక్షణ కణాలు.

రోగం చలికి ఆగదు. చేపలకు పుండ్లు తెచ్చే అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజులాంటి జీవినే తీసుకోండి. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై దేశమంతా పాకింది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫాక్స్ మందు తయారుచేసింది ఈ జబ్బు కోసమే. ప్రయోగశాలలో కొర్రమీనులకు ఈ బూజు ఎక్కించి చూశారు. 19 డిగ్రీల నీళ్లలో అది కండలోకి దిగి చేపల్ని చంపింది. 31 డిగ్రీల్లో రక్షణ కణాలు బూజును చుట్టుముట్టాయి, పుండు మానింది. చేపా అదే, రోగమూ అదే.

వేసవి బాధలు వేరు. వేడి నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, చేప నీరసించి, పేను పడుతుంది. దాన్ని రైతు కంటితో చూసి పట్టుకుంటాడు. చలికాలపు దెబ్బ మాత్రం ముందు కనపడదు.

చలి ఉదయం వలలోంచి తీసిన శీలావతిని చేతిలోకి తీసుకుని చూడండి. వల రాసుకున్న చోట జిగురు పోయి, పొలుసు లేచి, కింద ఆవగింజంత ఎర్ర మచ్చ ఉంటుంది. ఎండలు ముదిరాక అయితే చాలావరకు మానిపోయేది. డిసెంబరులో బూజు లోపలికి దిగేది అక్కడినుంచే.

రైతు సోదరులారా, చలి ముదరక ముందే నీటి పరీక్ష చేయించి అవసరమైన సున్నం చల్లండి. సంచిలో మిగిలింది చూసి తవుడు తగ్గించండి. అమ్మకానికైతే చేప పట్టండి. బరువు చూద్దామని మాత్రం ఈ చలి నెలల్లో వల లాగి, ఆ చేపను తిరిగి చెరువులో వదలకండి.